వాడుకకు మాత్రమే

రాచర్ల మండలం,
12 ఏప్రిల్ 2025

ప్రియమైన జబీన్‌కు,

ఫోన్లుండగా ఈ ఉత్తరమేంది అని నవ్వకు. సర్పంచ్ నేనే అయినా ఆ ఫోన్ మా ఆయన జేబులో ఉంటుంది. మోగితే చాలు, "ఆ, సర్పంచ్‌నే మాట్లాడతా ఉండా" అంటాడు మహేష్. వింటే నా ఒళ్లు మండిపోతుంది. నా ఫోన్ కూడా రోజూ తీసి చూస్తాడు. అందుకే ఇది నీళ్లు వదిలే ఇశ్రాయేలు చేతికిస్తున్నాను. పరీక్షకు నీళ్ల సీసాలు మీ గిద్దలూరు ల్యాబ్‌కు తెచ్చేది ఎలాగూ అతనే కదా.

ఈ ఎండాకాలం మాకు నరకమే తల్లీ. ఉమ్మడి మంచినీళ్ల స్కీము నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తున్నాయి, అదీ సగం ట్యాంకు. మొన్న ఉమ్మడి కమిటీ మీటింగ్ జరిగింది. పదకొండు ఊళ్ల సర్పంచులం ఒకవైపు, స్కీము ఆఫీసు వాళ్లు ఒకవైపు. నా కుర్చీలో మా ఆయన, పక్కన స్టూలు మీద నేను. ఏ వీధికి నీళ్లు తగ్గించాలో మీరే చెప్పండి సార్ అని అడిగితే స్కీము ఇంజనీరు, ఆ ఏఈ ఏమన్నాడో తెలుసా? "నీళ్లు మావమ్మా, వీధులు మీవి. మీరు తీర్మానం రాసుకొని రాండి, నేను సంతకం పెడతా." మా వాళ్లేమో ఆఫీసు చెబితేనే రాస్తామన్నారు. టీ తాగి లేచారు.

నా పని సంతకాలే. ఖాళీ లెటర్‌హెడ్ల మీద పాతిక పెట్టించుకుని బీరువాలో దాచాడు మహానుభావుడు.

ఈసారి సీసాల్లో ఒకటి కాలనీ దగ్గరి పాత బోరుది. ఎప్పుడో మూసేశారు. ఊరికే, ఎలా ఉందో చూడు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

నీ
సుధ

---

గిద్దలూరు,
19 ఏప్రిల్

నా బంగారు సుధకు,

కాలేజీలో లెక్చరర్‌కే ఎదురు చెప్పినదానివి స్టూలు మీద కూర్చున్నావా? చదివి నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అమ్మీ కూడా విని, "ఆ పిల్లను ఒకసారి తీసుకురావే" అంది. ఆమె మోకాళ్లు అట్లాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగానే నడుస్తోంది.

ఇక ఆ బోరు. సుధా, ఆ నీళ్లు విషం. మురుగు కలుస్తోంది. మనిషి మలంలో ఉండే క్రిములు వచ్చాయి. తాగడం మాట అటుంచు, ఆ నీళ్లతో అంట్లు కూడా తోమకూడదు. ఒక రిపోర్టు స్కీము ఆఫీసుకు పంపాను, ఒకటి మీ పంచాయతీకి. ఫలితం ఆ రెండు చోట్లకు తప్ప ఎవరికీ చెప్పకూడదని మాకు రూలు. కవరు అంటించి ఇశ్రాయేలు చేతికే ఇస్తున్నాను.

ఊరికే అన్నావు కానీ, ఊరికే ఎవరూ మూసేసిన బోరు నీళ్లు పరీక్షకు పంపరు. మీ ఆయన ఏదైనా ఆలోచిస్తుంటే అడ్డుపడు. నీ సంతకం లేకుండా జరగదు కదా.

నీ మేలు కోరే
మహజబీన్

---

రాచర్ల మండలం,
9 మే

ప్రియమైన జబీన్‌కు,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ నీళ్ల గొడవ సర్దుకుంది. మా మూడు వీధులకూ రోజు మార్చి రోజు, పై అంతస్తు దాకా ఎక్కుతున్నాయి. మొన్న ఆదిలక్ష్మమ్మత్త, నన్ను ఎప్పుడూ పేరు పెట్టి కూడా పిలవని మనిషి, గిన్నెడు పాయసం తెచ్చి, "మా సర్పంచమ్మ చల్లగుండాల" అంది. పిచ్చిదానిలా ఏడ్చానే! ఆ పాయసం ఎవరికీ పెట్టకుండా నేనే తినేశాను.

కాలనీకీ ఏదో ఏర్పాటు జరిగింది. వానలు పడేదాకానే. నువ్వు దాని గురించి ఆలోచించకు.

అమ్మకు చింతపండు పంపుతున్నాను.

నీ
సుధ

---

గిద్దలూరు,
3 జూన్

సుధా,

ఇది మా ల్యాబ్ మనిషితో నీ చేతికే పంపుతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొన్న ఆసుపత్రికి వెళ్లాను. మీ కాలనీవాళ్లు పదకొండు మంది వాంతులు, విరేచనాలతో మంచాల మీద ఉన్నారు. ఇశ్రాయేలు భార్య విశ్వాసం పోయింది. నేను వెళ్లేసరికే ముఖం మీద గుడ్డ కప్పారు.

నలభై రోజులుగా కాలనీకి స్కీము నీళ్లు బంద్ చేసి ఆ బోరు నీళ్లు వదులుతున్నారట. వాల్వు కట్టేసింది ఇశ్రాయేలే, బోరు మోటారు వేసిందీ అతనే. "కాగితం చూపించినారక్కా. రెండు సంతకాలు చూసినాకనే నా వీధికి నేనే కట్టేసినా" అని గోడకు తల కొట్టుకున్నాడు. ఎవరు చూపించారో మాత్రం చెప్పలేదు. స్కీము ఆఫీసు ఏ తీర్మానమూ రాలేదంటోంది. మీ పంచాయతీ ఏదీ రాయలేదంటోంది. ఇన్నేళ్లలో ఈ రెండు ఆఫీసులూ ఒక్క మాట మీదికి వచ్చింది ఇప్పుడే. ఇశ్రాయేలు తన ఇష్టప్రకారం తిప్పాడట. పనిలోంచి తీసేశారు, కేసు పెట్టారు. పెళ్లాన్ని పూడ్చిన రోజే స్టేషన్‌కు తీసుకెళ్లారు.

రిపోర్టు నేను అతని చేతికే ఇచ్చాను సుధా. కవరు అంటించి మరీ. "ఆ నీళ్లు తాగొద్దన్నా" అని ఒక్క ముక్క నోటితో చెప్పి ఉంటే! రూలు అనుకున్నాను. నాకు అన్నం సహించడం లేదు.

ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడని నువ్వే రాశావు. మీ ఆయన వాటిలో ఒకటి వాడి ఉంటాడు. వచ్చి ఆ మాట చెప్పు. నీమీదికేమీ రాదు, ఇశ్రాయేలు బయటపడతాడు. భయపడకు, నేను నీ పక్కన ఉంటాను.

మహజబీన్

---

రాచర్ల మండలం,
7 జూన్

జబీన్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆయన కాదు. ఏప్రిల్ ఇరవై నుంచి పదకొండు రోజులు ఆయన ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడు, కడుపులో రాళ్లకు ఆపరేషన్. ఫోన్ నా దగ్గరే ఉంది. బీరువా తాళాలూ నా దగ్గరే. ఖాళీ కాగితాలేవీ ముట్టలేదు. కొత్త కాగితం తీసి, ఇరవై మూడో తారీఖున నా చేత్తో నేను రాశాను. నీ ఉత్తరం అప్పటికే చదివాను.

ఊరి ఆడవాళ్లు రోజూ బిందెలతో వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు. ఒక లైను కట్టేస్తే మిగతా ఊరికంతా చాలుతాయి. ఏ లైను అనేది ఎవరూ నోటితో అనలేదు, అందరికీ తెలుసు. "కాలనీకి పాత బోరు నీరు ఇవ్వవలెను, వాడుకకు మాత్రమే" అని రాశాను. ఆ రెండు మాటలు రాశాక నా మనసు కుదుటపడింది చూడు, అదీ నా బతుకు. తాగడానికి వాళ్లకు వేరే నీళ్లు ఎక్కడివని నన్ను నేను అడగలేదు. ఏఈ కూడా అడగలేదు. "రిపోర్టు చూసినారా సార్" అంటే, "వాడుకకే అని రాసినారు గదమ్మా" అని సంతకం పెట్టాడు. అది ఇశ్రాయేలుకు చూపించిందీ నేనే.

నాలుగో రోజు విశ్వాసం వచ్చింది. "సుధమ్మా, నీళ్లు కంపు కొడతా ఉండాయి, పసిపిల్లోళ్లుండారు" అంది. వారం రోజులు ఓర్చుకోమన్నాను. సరేనమ్మా అని వెళ్లిపోయింది. నామీద నమ్మకంతో వెళ్లిపోయింది జబీన్. ఆ తర్వాత నేను పాయసం తిన్నాను.

మొన్న ఏఈ ఇంటికి వచ్చి, "నా కాపీ చింపేసినా, మీదీ చింపేయండి" అన్నాడు. మా ఆయనేమో, "ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినా, ఎవరు రాసినారో తెలీదు అను. ఆడదానికేం తెలుసులే అని అందరూ నమ్ముతారు" అన్నాడు. నమ్ముతారు, నిజమే. నువ్వే నమ్మావు.

నాలుగేళ్లుగా నన్ను ఏ నిర్ణయమూ తీసుకోనివ్వలేదని నీ దగ్గర ఏడ్చాను. నా అంతట నేను తీసుకున్నది ఇదొక్కటే.

చింపలేదు. రెండు సంతకాలున్న ఆ కాగితం దీంతో రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఇంట్లో ఉంటే దాన్ని మిగలనివ్వరు. చేతిరాత ఎవరిదో నీకు ఒకరు చెప్పనక్కర్లేదు, మూడేళ్లు నా నోట్సే చూసి రాసుకున్నావు. అది స్టేషన్‌లో ఇచ్చి, నా పేరు చెప్పి, రశీదు తీసుకో. గురువారం పొద్దున మొదటి బస్సుకు నేనూ వస్తాను. నా పక్కన నిలబడొద్దు. ఇశ్రాయేలు పక్కన నిలబడు.

సుధారాణి,
సర్పంచ్