మాట తెగని రూటరు

జూన్ 6, 2008. శుక్రవారం. గద్వాల

మస్కట్ల ఉన్న మా ఆయనకు వారానికి ఒక్కటే సెలవు, మాకు ఒక్కటే కాల్. ఇయ్యాల గూడ కంప్యూటర్ల మాట ముక్కలు ముక్కలు. "సుజాతా... తిన్న... ఎండలు..." నెట్ కనెక్షన్ పైపోర్షనోళ్ళతోని సగం సగం, లైను మా ఇంట్ల నుంచే పైకి పోతది. నేను మాట్లాడేటప్పుడే వాళ్ళు సినిమాలు దింపుతరు. ఏమని కొట్లాడుత.

జూన్ 8

రూటర్ కొంట. ఉత్తది కాదు — లోపలి సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కియ్యొచ్చే రకం. ముందు మాటలు పోనియ్యి, తర్వాతే సినిమాలు అని దానికి మనమే చెప్పుకోవచ్చు. నెట్ల ఒక ఫోరంల అడిగిన. పుణె నుంచి ఎవరో, మొఖం గూడ తెల్వదు, ఓపిగ్గ రాసిండు: వెర్షన్ చూసి కొనండి, కొత్తదాంట్ల మెమరీ తగ్గించిండ్రు, ఫర్మ్‌వేర్ పట్టదు.

ఈ వారం నాతోని ఇంతసేపు మాట్లాడింది ఆయనొక్కడే.

జూన్ 14

కాలేజీకి సెలవు పెట్టి కర్నూలు పోయిన. డబ్బ తిరగేసి వెర్షన్ చూస్తుంటే షాపాయన నవ్వు. "అదే మోడల్ కదా మేడమ్, వెర్షన్ ఏదైతే ఏమి?" నాకు పాతదే కావాలె అన్న. షోకేసుల దుమ్ము పట్టింది తీసిచ్చిండు. బస్సుల ఒళ్ళె పెట్టుకొని కూసున్న.

జూన్ 15

ఫర్మ్‌వేర్ ఎక్కుతుండంగ కరెంటు పోతే రూటర్ ఇంక లేవదంట. పొద్దటి కోత అయిపోంగనే మొదలువెట్టిన. లైటు ఆరింది... వెలిగింది! "వచ్చిందీ!" అని అరిచిన. ఓనరమ్మ తలుపు కాడికొచ్చి — "ఎవరొచ్చిండ్రమ్మా?"

జూన్ 20. శుక్రవారం

మాట ఎంత సాఫ్! ఆయన గ్లాసు కింద పెట్టిన సప్పుడు గూడ ఇనబడ్డది. రూటర్ ముచ్చటంత చెప్పిన. "మంచిగ చేసినవ్" అన్నడు. తర్వాత...

"ఇంకేంది?" అన్న.

"ఏం లేదు."

ఇన్ని దినాలు లైనే మంచిగ లేదనుకున్నం.

జూన్ 24

శుక్రవారం ఏం మాట్లాడాలె — ఆలోచిస్తున్న. కాలేజీ సంగతి ఒకటి. ఓనరమ్మ కోడలు సంగతి. ఇంక...

జూన్ 27. శుక్రవారం

"దసరాకు వస్తలేను సుజాతా. ఇంక రెండేండ్లకు సంతకం పెట్టిన."

ఒక్క అక్షరం గూడ తెగలె.

"ఏంది? ఇనబడ్తలేదు... మల్ల చెప్పు" అన్న.

ఆయన వెనుక ఎవరో నవ్వుతున్నరు. "ఏం లేదు తియ్యి. తర్వాత చెప్త."

జూన్ 29

ఓనరమ్మ అడిగింది — "మీ ఆయన దసరాకొస్తుండు గద?" ఇంక చెప్పలె అన్న.

శుక్రవారం మల్ల చెప్తడు. ఇనబడ్డదనాల్నా...