గొట్టం మళ్ళీ పాడుచేయమని మనవి

బెస్నిక్ గారికి,

మా బిల్డింగు మరమ్మతులన్నీ చూసేది మీరే. మీ పని మీద ఫిర్యాదు చేయడానికి కాదు, మీరు పని మరీ బాగా చేసినందుకు రాస్తున్నాను.

మాది బ్రాడ్‌వేలాంటి పెద్ద నాటకశాల కాదు, ఎనభై కుర్చీల నేలమాళిగ. నా నాటకంలో తల్లి ఒంటరిగా కూర్చునే చోట, గది వేడెక్కించే ఆవిరి గొట్టం ఠంగుఠంగుమని మోగేది. ఆట అయ్యాక ప్రేక్షకులతో మాటామంతీ మా ఆనవాయితీ కదా. మొదటిరోజే ఒకాయన "ఆ తలుపు కొట్టేదెవరు?" అనడిగాడు. మా దర్శకురాలు మార్గో తడుముకోకుండా "చనిపోయిన భర్త" అంది. "ఆ చప్పుడు కోసం ఏడు నెలలు వెతికాం" అని కూడా అంది. నేను తలూపాను. తప్పు నాదే.

అప్పట్నుంచి హాలు నిండుతోంది. పోయిన గురువారం ఆట అయ్యాక మార్గో మళ్ళీ ఆ భర్త సంగతే చెబుతుంటే మీరు వెనక వరసలో లేచి, "భర్తా లేదు, గాడిద గుడ్డూ లేదు! గొట్టంలో నీళ్ళు నిలిచాయమ్మా, రేపొచ్చి బాగుచేస్తా" అన్నారు. మిమ్మల్ని నటుడనుకుని అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. మీరేమో నిజంగానే బాగుచేసేశారు.

నిన్న తల్లి ఎంతసేపు కూర్చున్నా గొట్టం ఉలకలేదు, పలకలేదు. నేను రాసిన మాటలు మాత్రమే వినబడ్డాయి. పదకొండు మంది మధ్యలోనే వెళ్ళిపోయారు.

శుక్రవారం పెద్ద థియేటర్ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. దయచేసి గొట్టం పాడుచేయండి. కుదరదంటే మీరే వచ్చి ఆ గురువారం మాట మళ్ళీ అనండి. నాటకంలో ఇప్పటికే రాసేశాను. ఎవరైనా అడిగితే, ఆ మాట కోసం ఏడు నెలలు వెతికామని మార్గో చెప్తుంది. మీరు కాస్త తలూపండి, చాలు.

ఇట్లు,
మీ నేలమాళిగ రచయిత