నాలుగే నాలుగు బోల్టులు

మే 3, ఆదివారం
ఉదయం 7.10. కారు ఏసీ కంప్రెసర్ నేనే మార్చాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లోనే, మా షెడ్డులోనే.

నిన్న గ్యారేజీలో మెకానిక్ బోనెట్‌లోకి తొంగిచూసి, "కంప్రెసర్ పట్టేసిందమ్మా. మీకు చెప్పినా అర్థం కాదులెండి, సార్‌ని పంపించండి" అన్నాడు. ఆ సార్ మా ఆయన. ఆయనకు బోనెట్ ఎలా తెరుచుకుంటుందో ఈరోజుకీ తెలియదు. నేను పదిహేడేళ్లుగా పళ్లు పీకుతున్న డాక్టర్ని. దవడ మూలన దాక్కున్న జ్ఞానదంతం కంటే ఈ కంప్రెసర్ మొండిదా?

గడువు: మే 17. ఆరోజు అత్తయ్యను వాళ్లక్క ఇంటికి తీసుకెళ్లాలి. నాలుగు గంటల దారి. పోయిన వేసవిలో బస్సులో ఉక్కకు అత్తయ్య కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లకు ఫోనే దిక్కు.

9.00. వీడియో చూశాను. ఇరవై రెండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు అతను తన కుక్కతో మాట్లాడాడు. అంటే అసలు పని పద్దెనిమిది నిమిషాలు.

చేయాల్సినవి: పాత గ్యాస్ తీయించడం. బెల్టు విప్పడం. రెండు పైపులు. నాలుగే నాలుగు బోల్టులు. అంతే.

మే 4
గ్యాస్ దుకాణంలో మిషన్ పెట్టి పాత గ్యాసంతా లాగేశారు. "కంప్రెసర్ ఎవరు మారుస్తారు మేడమ్?" అన్నాడు దుకాణదారు. "నేనే" అన్నాను. చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి చేతిలో పెట్టాడు.

మే 7
కొత్త కంప్రెసర్ వచ్చింది. భోజనాల బల్ల మీద పెట్టాను. అత్తయ్య ఎత్తి చూసి, "పుట్టినప్పుడు మీ ఆయన కూడా ఇంతే బరువు" అన్నారు. మా ఆయన కంచం చేత్తో పట్టుకుని, "మరి నేనెక్కడ తినాలి?" అన్నారు.

మే 10, ఆదివారం
6.30. ప్రారంభం. బెల్టు వచ్చేసింది.
7.15. పైపులు వచ్చేశాయి. మూడు బోల్టులూ వచ్చేశాయి. మధ్యాహ్నం సినిమాకు వెళ్దామని ఆయనకు మాటిచ్చాను.
9.40. నాలుగోది వెనకాల ఉంది. కనపడదు. స్పానర్ దూరదు.
10.20. క్లినిక్ నుంచి పళ్లు చూసే చిన్న అద్దం తెచ్చాను. కనపడింది. బోల్టు తల అరిగిపోయి ఉంది.

"టార్చి నా కళ్లలో కాదండీ, బోల్టు మీద వెయ్యండి."
"ఏ బోల్టు?"
"పొద్దుటినుంచీ నేను తిడుతున్న బోల్టు."

1.35. వచ్చింది. మత్తు ఇవ్వకుండానే. సాయంత్రం దాకా నేనే మత్తుగా పడుకున్నాను. సినిమాకు ఆయన ఒక్కరే వెళ్లొచ్చారు.

మే 12
గోళ్లలో నలుపు పోవట్లేదు. క్లినిక్‌లో గ్లవ్స్ రెండు జతలు వేసుకున్నాను. ఒక పెద్దాయనతో "కొంచెం బోనెట్ తెరవండి" అన్నాను. ఆయన తెరిచారు.

మే 14
కొత్తది బిగించాను. బెల్టు మాత్రం ఎలా వేసినా జారిపోతోంది. వీడియోలో అతనికి జారలేదు. అతని కుక్క అదృష్టం కాబోలు.

అత్తయ్య బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు కుట్టు మిషన్ల మీద పనిచేశారు. వచ్చి, వంగి, వేలితో తడిమి, "తిరగేసి వేశావమ్మాయ్. గీతలున్న వైపు లోపలికి ఉండాలి" అన్నారు. రెండు నిమిషాల్లో బెల్టు కూర్చుంది. నేను వీడియోకు పెట్టిన లైక్ తీసేశాను.

మే 16, శనివారం
సాయంత్రం 4.00. వ్యాక్యూమ్ పంపు అద్దెకు తెచ్చాను. గాలంతా లాగేశాక గేజి ముల్లు కదలకూడదు. కదలకపోతే గ్యాస్ నింపించుకోవచ్చు.
4.50. కదిలింది. గేజి మంచిది కాదు.
5.30. మళ్లీ కదిలింది. నేల ఎగుడుదిగుడుగా ఉంది కదా, అందుకేమో.
6.10. లీకు. పైపు విప్పి చూస్తే, కొత్త రబ్బరు రింగు కింద పాత రింగు అలాగే ఉంది. పన్ను పీకి వేరు లోపల వదిలేశానన్నమాట. క్లినిక్ సూదితో దాన్ని లాగబోయి కొత్త రింగు కూడా కోసేశాను. వేరే రింగు లేదు. దుకాణం మూసేశారు. రేపు సెలవు.

షెడ్డు మెట్ల మీద కూర్చుండిపోయాను. పైపు మూతికి ప్లాస్టిక్ కవర్ చుట్టి దారం కట్టాను. "కాలేదు అత్తయ్యా" అన్నాను. ఏడుపొచ్చింది, అది చెమటేనని చెప్పాను.

"కిటికీలైనా దిగుతాయా?"
"దిగుతాయి. మళ్లీ కళ్లు తిరిగితే?"
"పెందలాడే బయలుదేరదాం. మా అక్కను చూసి ఏడాదైంది."

మే 17
తెల్లవారుజామున 4.30కు బయలుదేరాం. తడి తువ్వాలు, రెండు సీసాల నీళ్లు. ఏసీ ఉంటే అత్తయ్య కారెక్కగానే నిద్రపోతారు. ఇవాళ దారంతా గాలి హోరులో అరిచి మరీ కబుర్లు చెప్పారు. కళ్లు తిరగలేదు.

పెద్దత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచో తెలియదు. వంటింట్లో ఒకే కంచం, ఒకే గ్లాసు బోర్లించి ఉన్నాయి. అలమార తెరిచి మా కోసం కంచాలు దులిపి తీశారు.

ఎండ తగ్గాక బయలుదేరబోతుంటే అత్తయ్య, "అక్కా, నాలుగు బట్టలు పెట్టుకుని రా" అన్నారు. నిమిషంలో సంచితో వచ్చారావిడ. ముందే సర్ది ఉంచుకున్నట్టుంది.

కారెక్కుతూ, "మళ్లీ ఎప్పుడు దింపుతావమ్మా?" అన్నారు.
"ఏసీ బాగవగానే దింపుతాను పెద్దత్తయ్యా."
ఆవిడ తలూపారు.

మే 20
కొత్త రింగులు నాలుగు తెచ్చాను. క్లినిక్‌లో రద్దీ, అందుకే ముట్టుకోలేదు. ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు వినిపించుకోకుండా ఒకేసారి మాట్లాడుకుంటున్నారు.

మే 24, ఆదివారం
7.00. రింగు వేశాను. చక్కగా సరిపోయింది. షెడ్డులో రెండు కుర్చీలు, రెండు కాఫీలు, ఇద్దరు అత్తయ్యలు.

"ఇవాళ అయిపోతుందా?" అన్నారు పెద్దత్తయ్య.
"గంట పని."

ఆవిడ కాఫీ సగంలో వదిలేసి లోపలికి వెళ్లారు. నీళ్ల కోసం వెళ్లి చూస్తే, మంచం మీద బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుతున్నారు. నేను వచ్చింది చూడలేదు. మడతపెట్టిందే విప్పి మళ్లీ మడతపెడుతున్నారు.

కారు దగ్గరికి వచ్చాను. పైపు బిగించాను. కాసేపు చూశాను. విప్పేశాను.

"ఈ రింగు సైజు తేడా వచ్చింది. ఇవాళ్టికి కాదు" అని లోపలికి వినపడేలా చెప్పాను.
మా ఆయన అయోమయంగా, "ఇప్పుడేగా సరిపోయిందన్నావు?" అన్నారు.
అత్తయ్య రింగు తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. "తేడాగానే ఉంది. నాకు కనపడుతోంది" అన్నారు.

మధ్యాహ్నం భోజనంలో పెద్దత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు. "తొందరపడి పాడుచేయకమ్మా, నిదానంగా చెయ్యి" అన్నారు.

వచ్చే ఆదివారం నుంచి మళ్లీ మొదలుపెడతాను. కంప్రెసర్ నేనే మారుస్తాను, ఇంట్లోనే. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను. చాలా కష్టమైన పని.