గోడ అవతలి డ్రిల్లు చప్పుడు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పాత చొక్కా గుడ్డలో చుట్టి మీరు దాచుకున్న కోబాల్ట్ డ్రిల్లు బిట్టును మీ తమ్ముడు మస్తాన్ ఇవాళే బయటికి తీశాడు. పత్తి జిన్నింగు మిల్లు షాఫ్టుకు బెత్తెడు లోతు రంధ్రం వేయాలి.

వంటింట్లో ఉన్న నాకు గోడ అవతల మన షెడ్డులోంచి డ్రిల్లు చప్పుడు ఆగకుండా వినిపించింది. మీరైతే వేలెడు దిగగానే బిట్టు పైకి లాగి, ఇనప రజను దులిపి, నూనె పోసేవారు. పరుగెత్తాను.

"పైకి తియ్యరా, రజను ఇరుక్కుంటే విరిగిద్ది!"

తీశాడు. బిట్టు దక్కింది, రంధ్రం నున్నగా దిగింది.

"మిషను కాడికే రావు గదా వదినా, నీకెట్టా తెలిసింది?"

"ఇరవయ్యేళ్లు ఈ గోడెనకే వండా గదరా."

కూర మాత్రం మాడింది. మీలాగే వాడూ వంక పెట్టకుండా తిన్నాడు.