రాను పోను డీజిల్

మరదలికి,

బావ ఆశీస్సులు, నేను ఇక్కడ క్షేమం, క్వారీ క్షేమం, నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నావని అనుకుంటున్నాను

ఫోన్ చేద్దామంటే ఈ కొండల్లో సిగ్నల్ దొరకదు, దొరికినా మనిద్దరం బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని, తర్వాత ఒకరింట్లో ఫ్యాను చప్పుడు ఇంకొకరు వింటూ కూర్చుంటాం, అందుకని ఈ ఉత్తరం రాసి కంకర లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను

విషయం ఏమిటంటే ముసలిది లేచింది, అదే, నా జీపు, షెడ్డులో పదకొండేళ్లు పడుకుని మొన్న ఆదివారం సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది, ఉప్పు మైదానం చూపిస్తానని నీకు ఎప్పుడో మాటిచ్చాను, వచ్చే నెల మొదటి గురువారం బయల్దేరి అక్కడే మూడు రోజులు ఉందాం, గుడారాలు రెండు తెస్తాను, ఎవరిది వాళ్లకి

మీ ఊరి నుంచి నూట డెబ్బై కిలోమీటర్లు రోడ్డు, ఆ తర్వాత నూట నలభై అంతా ఇసుకా రాళ్లూ, దారిలో ఒక్క బంకు లేదు, డీజిల్ మొత్తం మనమే మోసుకుపోవాలి, ముసలిది రోడ్డు మీద లీటరుకి పది ఇస్తుంది, ఇసుకలో ఐదు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదానివి, తప్పు పోనివ్వవు, అందుకే నిన్ను అడుగుతున్నాను, ఎంత కావాలో లెక్క వేసి పంపు

బరువు పెరిగితే ఎక్కువ తాగుతుంది, నీది ఎంత ఉంటుందో దాచకుండా రాయి

ఇట్లు
నీ బావ

తా.క. జీపుకి కొత్త సీటు కవరు కుట్టించాను, నీ వైపు మాత్రమే, గుడ్డ చాలలేదు

*

బావకి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

దాచకుండా రాయమన్నావు కాబట్టి ప్రెస్సులో కాగితం కట్టలు తూచే కాటా ఎక్కాను. అరవై ఎనిమిది. పక్కనే నిలబడ్డ బైండరు దాన్ని గట్టిగా చదివాడు. ఇప్పుడు ప్రెస్సంతటికీ తెలుసు. తృప్తేనా?

ఇక లెక్క. రోడ్డు మీద పదిహేడు లీటర్లు, ఇసుకలో ఇరవై ఎనిమిది, వెరసి నలభై ఐదు. తిరిగి రావడానికి ఇంకో నలభై ఐదు. అక్కడ అటూ ఇటూ తిరగడానికి ఎనిమిది. నువ్వు దారి తప్పకుండా ఉండవు కాబట్టి పైన పాతిక. మొత్తం నూట ఇరవై మూడు. ట్యాంకులో యాభై ఐదు పడుతుందని నువ్వే ఒకసారి చెప్పావు. మిగిలింది అరవై ఎనిమిది. అవును, నా బరువంత అంకే వచ్చింది. నవ్వకు. ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు తెచ్చి, ఒక్కోదాంట్లో పదిహేడుకి మించి పోయకు. ఎండకి డీజిల్ పొంగుతుందట.

నూట ఇరవై మూడు అని రాసి, కింద గీత గీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను బావా. ఇన్నేళ్లుగా ఎంతో దూరం అనుకున్నది నాలుగు క్యాన్ల దూరమేనా అనిపించింది. సెలవు పెట్టేశాను. నిజంగానే వెళ్తాం కదా?

ఇట్లు
నీ మరదలు

తా.క. ఉత్తరమంతా వెతికినా ఒక్క చుక్క లేదు, తా.క. పక్కన తప్ప. వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియక చదివేసరికి ఆయాసం వచ్చింది. ఇకమీదట నీ చుక్కలు నేనే పెట్టుకుని చదువుకుంటాను.

*

మరదలికి,

బావ ఆశీస్సులు, లారీ బయల్దేరుతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు, కార్డు మీదే రాస్తున్నాను

నీ లెక్క చూశాను రాను పోను డీజిల్ చాలా పడుతుంది ఏమీ అనుకోకు బరువు నేను అడిగింది సామాన్ల సంగతి

ఇట్లు
బావ

తా.క. అరవై ఎనిమిది ఏమంత బరువు కాదు, మా షెడ్డులో గేరుబాక్సు అంతకంటే ఎక్కువ

*

గౌరవనీయులైన బావగారికి,

మీ కార్డు అందింది. రానన్నారు. పోనన్నారు. డీజిల్ చాలా పడుతుందన్నారు. ఏమీ అనుకోవద్దన్నారు. నేనేమీ అనుకోలేదు. సెలవు రద్దు చేయించుకున్నాను.

గేరుబాక్సు మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. ముప్పై ఏళ్ల కిందట మీరు మా ఇంటికి వచ్చినప్పుడు నేను జడ వేసుకుని తలుపు వెనక నిలబడ్డాను. ఎందుకొచ్చారో ఇంట్లో అందరికీ తెలుసు. మీరు మా నాన్నతో గంటసేపు గేరుబాక్సు గురించి మాట్లాడి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత నాకు పెళ్లయింది. ఆయన మంచివారు. ఆయన పోయి ఏడేళ్లయింది. నేను ఎవరినీ తప్పు పట్టలేదు.

కానీ అప్పుడు కనీసం గుమ్మం దాకా వచ్చావు. ఈసారి అది కూడా లేదు బావా.

ఇట్లు
ప్రూఫ్ రీడర్

తా.క. ఎండకని కొన్న టోపీ వాపసు ఇవ్వబోతే షాపువాడు తీసుకోలేదు. దాన్ని పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

*

మరదలికి,

బావ ఆశీస్సులు, గారు ఏమిటి, మీరు ఏమిటి, సెలవు ఎందుకు రద్దు చేశావు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, గేరుబాక్సుతో పోల్చినందుకే కోపం వచ్చి ఉంటుందని మా డ్రైవరు అంటున్నాడు, అది మంచి గేరుబాక్సే మరదలా, నా దగ్గరున్న వాటిలో అదే మంచిది

నువ్వు రానంటే ఎలా ఉంటుందో అని నిన్ను తీసేసి మళ్లీ లెక్క వేశాను, నువ్వు లేకపోతే బండి తేలిక, ఆరు లీటర్లు మిగులుతుంది

ఏదో ఒకటి రాయి, తిట్టినా సరే

ఇట్లు
బావ

తా.క. టోపీ ఏ రంగు

*

బావగారికి,

ఆరు లీటర్లు మిగిలినందుకు చాలా సంతోషం. వాటితో హాయిగా ఉండండి.

మీ కార్డు మీకే తిప్పి పంపుతున్నాను. మీరు పెట్టని చుక్కలు ఎర్ర సిరాతో నేను పెట్టాను. ఇందులో మీరు రాయనిది ఏదైనా నేను చదివి ఉంటే చూపించండి.

ఇట్లు
మీ మరదలు

తా.క. నీలం.

*

మరదలికి. బావ. ఆశీస్సులు.

చుక్కలు పెడుతున్నాను చూడు. ఇన్నాళ్లూ అవి అచ్చాఫీసు వాళ్ల షోకు అనుకున్నాను.

నీ ఎర్ర సిరా చూశాక గానీ నీ కోపం నాకు అర్థం కాలేదు. రాను పోను అంటే వెళ్లి రావడానికి అని. రాను అనీ కాదు, పోను అనీ కాదు. నేను ఒక్క మాటగా రాసినదాన్ని నువ్వు రెండుగా కోసుకున్నావు. కోసుకునేలా రాసింది నేనే. తప్పు నాదే.

ఇంకో తప్పు ఉంది. అది చుక్కల తప్పు కాదు. ఆ మైదానం అంచునే బంకు ఉంది. అవతలి వైపు నుంచి వచ్చే ఉప్పు లారీల కోసం పెట్టారు. రెండేళ్లయింది. మీ ఊళ్లో ట్యాంకు నింపుకుంటే అక్కడిదాకా పోతాం, అక్కడ మళ్లీ నింపుకోవచ్చు. ఒక్క క్యాను కూడా అక్కర్లేదు.

తెలిసే లెక్క అడిగాను. అడిగితే నువ్వు రాస్తావు. నేను ఏదో తప్పు పడితే మళ్లీ రాస్తావు. అలా నాలుగు ఉత్తరాలైనా వస్తాయని ఆశ. లారీ వచ్చే రోజు నేను బిగించాల్సిన బోల్టు విప్పుతున్నాను. మీ నాన్న దగ్గర కూడా ఇంతే జరిగింది. అడగాల్సిన మాట గొంతులో ఉంది. నోట్లో గేరుబాక్సు ఉంది.

ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు నాతో రావాలి. మూడు రోజులకే అని కాదు. గురువారం ఉదయం ప్రెస్సు గేటు ముందు ఉంటాను. ఎక్కకపోయినా ఒకసారి బయటికి వచ్చి కనపడు.

ఇట్లు.
నీ బావ.

తా.క. ఆరు లీటర్ల లెక్క తప్పు. నువ్వు లేకపోతే జీపు షెడ్డు దాటదు. మిగిలేది మొత్తం డీజిలు.

*

బావకి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. నేను కుశలంగా లేను. పొద్దుటి నుంచి దిద్దిన పేజీయే మళ్లీ దిద్దుతున్నాను.

బంకు సంగతి నాకు తెలుసు. దాని యజమాని మా ఊరివాడే. ప్రారంభోత్సవం కరపత్రం మా ప్రెస్సులోనే అచ్చయింది. అందులో డీజిల్‌కి దీర్ఘం ఎగిరిపోతే పెట్టింది నేనే. నీ మొదటి ఉత్తరంలో ఒక్క బంకు లేదు అన్న మాట దగ్గరే నాకు నవ్వొచ్చింది.

మరి ఎందుకు చెప్పలేదంటావా? చెబితే సరే అయితే లెక్క అక్కర్లేదు అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావని భయం. ఏడేళ్లుగా మా ఇంటి తలుపు కింద నుంచి కరెంటు బిల్లు తప్ప ఇంకేమీ రాలేదు బావా. అబద్ధమైనా ఉత్తరం ఉత్తరమే కదా. అందుకే అక్కర్లేని లెక్కని మూడుసార్లు వేశాను, ఒక్కోసారి ఒక్కో పేజీ.

రాను అన్న దగ్గర నేను చుక్క ఎందుకు పెట్టుకున్నానో కూడా చెప్పాలి. నీ నుంచి ఆ మాట వస్తుందని ముప్పై ఏళ్లుగా సిద్ధపడి ఉన్నాను. అందుకే లేకపోయినా కనపడింది.

క్యాన్లు దింపేయకు. బంకు దగ్గర ట్యాంకు నింపుకున్నాక, ఆ అరవై ఎనిమిది లీటర్లతో మైదానం దాటి అవతలికి ఎంత దూరం పోవచ్చో నువ్వు లెక్క వెయ్యి. తప్పొచ్చినా నేను దిద్దను.

ఇట్లు
నీ మరదలు

తా.క. సెలవు చీటీ మళ్లీ ఇచ్చాను. ఎప్పటి నుంచి అన్న చోట గురువారం అని రాశాను. ఎప్పటి వరకు అన్న చోట ఏమీ రాయలేదు. మేనేజరు పిలిచి, "ఇక్కడేదో పడిపోయిందమ్మా" అన్నాడు. "పడిపోలేదండీ, అలాగే ఉండనివ్వండి" అన్నాను.