నీ వేషం పోయింది, సూది వేయించుకో

సుగుణక్కకు,

నన్ను నీ వార్డులకు పోనిస్తలేరు, అందుకే చీటి రాసి వాచ్‌మన్ లక్ష్మయ్యకిచ్చిన. తిట్టుకుంటనైనా మొత్తం చదువు.

పొద్దుగాల బయట కిటికీలకెల్లి పుష్పవల్లి సిస్టర్‌ను చూసిన. మొన్నటిదాంక నీ పక్కన డ్యూటీ చేసిన మనిషి. డిఫ్తీరియా అంటుకుని గొంతుల పొర కట్టిందంట, ఊపిరాడుతలేదని గొంతుకు బొక్క పెట్టిన్రు. నన్ను చూసి చెయ్యి ఊపింది, మాట రాలే.

ఆ జబ్బు అంటకుండ నర్సులందరు సూది వేయించుకోవాలె అని డాక్టరమ్మ చెప్పిన రోజు నువ్వేమన్నవ్? "జబ్బ వాస్తది రా. ఫిల్మ్‌నగర్ల నర్సు వేషముంది, పొట్టి చేతుల డ్రెస్సు. షూటింగ్ అయినంక వేయించుకుంట." నేను బతిలాడితే "పిరికోడా" అని నవ్వినవ్.

అందుకే ఇయ్యాల పోయి సినిమా మేనేజర్ సత్యనారాయణమూర్తి గారికి నువ్వు ఏ వార్డుల చేస్తవో చెప్పేసిన. ఆయన ఎగిరి అవతల నిలబడ్డడు. "అమ్మో, ఆవిణ్ణి సెట్టుకి తీసుకురాకయ్యా! హీరోయిన్ గారికి తెలిస్తే ప్యాకప్పే!" అన్నడు. నీ వేషం ఇంకొకామెకు ఇచ్చేసిన్రు.

ఇగ నీ జబ్బ ఎంత వాచినా చూసే కెమెరా లేదక్కా. నా మీద ఎంత కోపమున్నా ముందు సూది వేయించుకో. యూసుఫ్‌గూడల అమ్మకు ఏం చెప్పలే. నువ్వు బాగున్నవని తెల్వకుండ ఆమె ముందుకు పోయే ధైర్యం లేదు.

గేటు కాడనే ఉన్న. సూది అయినంక కిటికీ కాడికి రా. చెయ్యి ఊపకు అక్కా, నోరు తెరిచి గట్టిగ నన్ను తిట్టు.

నీ తమ్ముడు