పటాల వెనక గోడ

అశోక్‌నగర్, హైదరాబాదు
శనివారం

అక్కకు,

తమ్ముడు సుధాకర్ నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి కట్టు విప్పారా? అమ్మ మందులు వేళకు వేసుకుంటోందా? బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

కాలు విరిగి నీ మరదలి దినాలకు నువ్వు రాలేకపోయావు. ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పోయిన నెల, గురువారం. పొద్దున ఐదింటికి నల్లా వచ్చింది. నేను పడతానన్నా వినకుండా విమలే లేచి బిందెలు పట్టింది. అరకప్పు చాయ తాగింది. ఆయాసం ఉంది, కానీ ముందు రోజులకంటే ఎక్కువేమీ కాదు. "మంచం ముందు గదిలకు జరుపుదమా? ఈ గదిల ఊపిరాడుతలేదు" అంది. "ఆదివారం జరుపుత" అన్నాను. ఆఫీసుకు వెళ్ళాను. మూడింటికి పక్క ఫ్లాటు శకుంతలమ్మగారు ఫోను చేశారు. నేను వచ్చేసరికి విమల కుర్చీలో కూర్చుని కిటికీ చువ్వలు పట్టుకుని ఉంది. మాట రావటం లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఐదుంబావుకు డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు.

అంతే. ఇంతకంటే రాయలేను.

పడకగదిలో చెమ్మ పట్టిన ఆ గోడ వల్లే పోయిందని డాక్టరు అనలేదు. చిన్నప్పటినుంచీ ఉన్న ఉబ్బసమే అన్నాడు. "అయినా ఆ చెమ్మ గదిలో పడుకోకుండా ఉండాల్సింది" అని కూడా అన్నాడు. రెండు మాటలూ నీకు తెలియాలని రాశాను.

బావ రాసిన ఉత్తరం మొన్న అందింది. దానికి జవాబు చెప్పే ముందు, ఈ ఇల్లు ఎలా కొన్నామో నీకు చెప్పాలి. అప్పుడు నేను సగమే రాశాను.

చిక్కడపల్లిలో కిరాయికి ఉన్న రోజుల్లో ఆదివారం పేపరు రాగానే ఇళ్ళ ప్రకటనల పేజీ విమల తీసుకునేది. ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేది. "విశాలమైన గదులు అన్నడు, కొలతలు రాయలే. కొట్టెయ్. ప్రశాంత వాతావరణమట, బస్సు దొరకదన్నట్టు. మార్కెట్‌కు ఆనుకుని అంటే కిటికీ తెరవొద్దన్నట్టు" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఏడాదిపాటు ఆమె కొట్టేసినవన్నీ సరిగ్గానే కొట్టేసింది.

ఈ ఇంటి ప్రకటన కూడా ఆమె కొట్టేసిందే. "బదిలీపై వెళ్తూ అమ్మకం. కొత్త రంగులు. పూజకు అనువైన పడకగది. చూడవలసిన వేళ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు." విమల రెండుసార్లు చదివింది.

"పడకగదిల పూజేంది? దేవుళ్ళను ఎవరన్న పడకగదిల పెడతరా? పొద్దుగాల చూస్త అంటే ఎందుకు వద్దు?"

"ఆయన ఉద్యోగానికి పోవద్దా? అన్నిటికీ అనుమానమేనా? ఒకసారి చూసొద్దాం పా" అన్నాను. ఎం.ఏ. చదివింది నేను. ఆమె ఇంటర్మీడియెట్.

చూశాం. ఇల్లు శుభ్రంగా ఉంది. వెనక పడకగదిలో ఒక గోడ నిండా దేవుడి పటాలు. పదిహేను, పదహారు ఉంటాయి. కింద దీపం వెలుగుతోంది. "మా అమ్మ మంచంల పడ్డదమ్మా. లేవలేదు. పండుకునే దండం పెట్టుకుంటదని ఇక్కడ పెట్టినం. సామాను సర్దుతున్నమని మొన్ననే ఆమెను మా చెల్లె ఇంటికి పంపినం" అన్నాడు ఇల్లు అమ్మినాయన. ఆ మాటకు విమల ముఖం మారిపోయింది. అనుమానించినందుకు సిగ్గుపడింది. ఇద్దరం చెప్పులు బయటే విడిచి ఉన్నాం కాబట్టి అలాగే గోడ దగ్గరికి వెళ్ళి దండం పెట్టాం. కుళాయిలు తిప్పి చూశాను. తలుపులు వేసి చూశాను. మిగతా మూడు గోడలూ వేళ్ళతో తట్టి చూశాను. ఆ నాలుగో గోడకు దండం పెట్టి బయటికి వచ్చాను.

తాళంచెవులు ఇచ్చేటప్పుడు ఆయన విమలతో ఇంకో మాట అన్నాడు. "ఇన్నేండ్లు పూజలు అందుకున్న దేవుళ్ళు. కదిలిస్తే మంచిది కాదన్నరు. మీరే ఉంచుకోండ్రి." విమల సంతోషించింది. రోజూ పువ్వులు పెట్టింది. ఆ గోడ పక్కనే మా మంచం వేసుకున్నాం.

శ్రావణ శుక్రవారానికి తుడుద్దామని పటాలు దించింది. ఒక్కొక్క పటం వెనక అట్ట నల్లగా బూజు పట్టి, పట్టుకుంటే ముద్దగా ఊడి వచ్చింది. గోడ తలుపంత వెడల్పున ఉబ్బి ఉంది. వేలు పెడితే లోపలికి దిగింది. పైవాళ్ళ బాత్రూం సరిగ్గా దాని మీదే. పొద్దున వాళ్ళ స్నానాలప్పుడు గోడ తడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పైతడి ఆరిపోతుంది.

పైకి వెళ్ళి ఆ ఇంటాయనను అడిగాను. "మీకన్న ముందున్నాయన ఒక్కనాడు అడగలే. మీకే ఏమొచ్చింది? గోడల పైపు మార్చాలంటే మా ఇల్లంత పలగ్గొట్టాలె" అన్నాడు. తలుపు వేసుకున్నాడు. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి తలుపు తీయనే లేదు.

శకుంతలమ్మగారిని అడిగాను, ఆ మంచంలో పడ్డ ముసలామె ఇప్పుడెక్కడ ఉందని. "ఏ ముసలామె? వాళ్ళింట్ల ముసలోళ్ళెవరు లేరు సార్. వాళ్ళు ఇక్కడికి రాకముందే ఆయన అమ్మ పోయింది" అన్నారు.

అప్పుడు కూడా మంచం ముందు గదిలోకి జరపలేదు. ముందు గది రోడ్డు మీదికి ఉంది, హారన్లకు నిద్ర పట్టదన్నాను. నిద్ర పట్టనిది నాకు.

పోయిన వారం, ఇక్కడికి నడిచిపోయేంత దూరంలోని నారాయణగూడ మార్కెట్‌లో ఇల్లు అమ్మినాయన కనిపించాడు. బదిలీ అయింది అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు. సంచిలో తోటకూర కట్టలు పెట్టుకుంటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. గోడ సంగతి అడిగాను.

"సార్, మీరు చూసుకునే కొన్నరు కద. పటాలు తీసి చూడొద్దని నేనన్ననా? దండం పెట్టింది మీరే" అన్నాడు.

"మీ అమ్మ ఎట్లున్నది?" అన్నాను.

తోటకూర కట్టలను సంచిలోకి అదిమాడు. "బాగనే ఉన్నది" అన్నాడు. వెళ్ళిపోయాడు. విమల పోయిందని ఆయనకు చెప్పలేదు. ఆ నోటితో అయ్యో అనటం వినదలచుకోలేదు.

ఇక్కడ వానలు పోయి చలి మొదలైంది. రెండు పూటలూ మెస్సులోనే తింటున్నాను. పప్పు నీళ్ళలా ఉంటుంది, అన్నం మాత్రం వేడిగా పెడతాడు. చుట్టూ అందరూ ఉద్యోగ పరీక్షలకు చదివే కోచింగు పిల్లలే. ఒకడు నన్ను నాలుగు రోజులు చూసి, "అంకుల్, మీరు గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?" అన్నాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. నాకు కోపం రాలేదు. ఈ నెలలో నాతో ఎవరైనా వేళాకోళం ఆడింది ఆ ఒక్కసారే. ఆరోగ్యం బాగానే ఉంది, వేళకు తింటున్నాను, బెంగ పడకు. తొక్కు పంపవద్దు. విమల పెట్టిన మామిడికాయ తొక్కు ఇంకా సగం జాడీ ఉంది. మూత తీయటం లేదు.

ఇప్పుడు బావ ఉత్తరం సంగతి. ఇల్లు అమ్మేసి మన ఊరికి బదిలీ చేయించుకోమన్నాడు. అంతవరకు సరే. నాకూ ఇక్కడ ఉండాలని లేదు. తన ఆఫీసులో పనిచేసే ఒకాయన తమ్ముడు హైదరాబాదులో ఇల్లు చూస్తున్నాడని, భార్యను, చంటిపిల్లను తీసుకుని రేపు పదకొండింటికి వస్తారని రాశాడు. అదీ సరే. తరువాత ఇలా రాశాడు. ఉన్నది ఉన్నట్టు దించి రాస్తున్నాను, నువ్వు చదివి ఉండవు. "గోడకు లప్పం పెట్టించి రంగు వేయించు. ఆ పటాలు మళ్ల అక్కడనే తగిలియ్యి. నడుమ విమల ఫోటోకు దండేసి పెట్టు. ఎవరు దాన్ని ముట్టుకోరు."

ఈ ముక్క చదివాక ఉత్తరం బల్ల మీద పెట్టి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. అదే రాసి ఉంది.

అక్కా, బావ చెడ్డవాడు కాడు. విమల దినాలన్నీ దగ్గరుండి జరిపించాడు. నా మంచి కోరే రాశాడు, నాకు తెలుసు. కానీ ఆ గోడ పక్కన పడుకుని ఊపిరాడక పోయిన మనిషి ఫోటోతో ఆ గోడనే కప్పమన్నాడు. ఆ పక్కన ఇంకొకరి పసిపిల్లను పడుకోబెట్టమన్నాడు. కలం పట్టుకుని, కూర్చుని, రాశాడు. నాకు ఇల్లు అమ్మినాయన కూడా తన పిల్లల మంచి కోరే అమ్మి ఉంటాడు. ఈ మాట బావకు చదివి వినిపించు. దాచకు. కోపం వస్తే రానీ.

ఆమె ఫోటో ఫ్రేము కట్టించానన్నావు. పంపు. ముందు గదిలో పెట్టుకుంటాను. ఇల్లు అమ్ముడుపోతే నాతో తెచ్చుకుంటాను.

ఈ సాయంత్రం కూలీలు చేరే చౌరస్తా అడ్డా మీద మేస్త్రీని మాట్లాడాను. పాలమూరు మనిషి, పేరు బాలయ్య. గోడ చూశాడు, గోటితో గీకాడు.

"రంగేస్తె నాలుగు నెలలు చెమ్మ కనబడదు సారు."

"రంగు వద్దు. గార మొత్తం కొట్టెయ్యాలె. ఇటుక కనబడాలె."

"కొట్టి?"

"అట్లనే ఇడ్సిపెట్టు."

"ఇల్లు అమ్ముతున్నరట కద సారు! ఇట్లుంటె ఎవడు కొంటడు?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "ఏడింటికి వస్త" అని వెళ్ళాడు.

అమ్మకు, మీ మామగారికి, అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నువ్వు ఒక్కదానివైనా మనసులో నన్ను దీవించు, చాలు. బావకు నమస్కారం.

ఈ ఉత్తరం నీకు అందేసరికి బావకు ఆ ఆఫీసాయన చెప్పే ఉంటాడు. రేపు పొద్దున ఏడింటికి బాలయ్య వస్తాడు. నేనూ ఒక సుత్తి తీసుకుంటాను. పదకొండింటికి వాళ్ళు వచ్చేలోపు ఆ గోడను నేల నుంచి కప్పు దాకా ఇటుక బయటపడేటట్టు కొట్టి, ఆ తల్లిని చంటిపిల్లతో సహా ముందుగా ఆ గదిలోకే తీసుకెళ్తాను.

నీ తమ్ముడు
సుధాకర్